పంపు ఫ్యూజు

మా ఆయన సీతారాములుకు కోపం వస్తే నోరు మూసుకుంటాడు. నాకు కోపం వస్తే నోరు తెరుస్తాను. ఇద్దరిలో ఎవరు మంచివాళ్ళని మా దోర్నపాల్ బజారులో ఎవరిని అడిగినా ఆయన పేరే చెబుతారు. నెమ్మదస్తుడట. ఆ నెమ్మది పక్కన నాలాగా కాపురం చేస్తే తెలిసేది వాళ్ళకు. అరిచే మనిషి అరిచి ఊరుకుంటాడు. నోరు మూసుకున్న మనిషి ఎప్పుడు ఊరుకుంటాడో ఎవరు చెప్పగలరు?

మాకు ఒక్కతే కూతురు, నవీన. జగదల్‌పూర్‌లో చదువుకుని, అక్కడే ఉద్యోగం చేస్తూ చినబాబును పెళ్ళి చేసుకుంది. చినబాబు వాళ్ళది శ్రీకాకుళం వైపు. తండ్రి యేసుపాదం కిరందుల్ లైన్లో రైల్వే పనికి వచ్చి, పిల్లలను ఇక్కడే పెంచి, ఇక్కడే కన్నుమూశాడు. చర్చికి వెళ్ళే కుటుంబం. చినబాబు ఒక కార్ల సర్వీసు సెంటర్లో మెకానిక్కు. మెకానిక్కు ఇంటికి మెకానిక్కే అల్లుడిగా వస్తుంటే ఇంకేం కావాలని నేను అన్నాను. ఆయన ఏమీ అనలేదు. మన యాస కాదు, మన దేవుడు కాదు, మనల్ని అడగనూ లేదు అని ఆయన కడుపులో ఉంది, నాకు తెలుసు. పెళ్ళికి నేను ఒక్కదాన్నే బస్సెక్కి వెళ్ళి వచ్చాను. అప్పటి నుంచి కూతురితో ఆయనకు మాట లేదు. అల్లుడి ముఖం చూడనే లేదు.

నేను దొంగచాటుగా ఫోన్లు చేసే రకం కాదు. ఆయన అన్నం ముందు కూర్చోగానే ఫోను స్పీకరులో పెట్టి, కంచం పక్కనే ఉంచి నవీనతో మాట్లాడతాను. అది తిన్నదీ ఉన్నదీ అన్నీ ఆయన చెవిన పడాల్సిందే. నవీన నెల తప్పిన సంగతి కూడా ఆయనకు అట్లాగే తెలిసింది. ఆ పూట మజ్జిగ పోసుకోకుండానే లేచిపోయాడు. కోపమో సంతోషమో తెలుసుకుందామని చూశాను. ఆ ముఖంలో ఏమన్నా కనపడితే కదా.

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. ఇది నేను పెట్టిన ఆచారం కాదు. నా కాన్పు మా అమ్మ చేసింది, మా అమ్మ కాన్పు వాళ్ళమ్మ చేసింది. కానీ నవీన ఏమందంటే, "నాన్న ఒక్క మాట రమ్మంటే వస్తనమ్మా. పిలవని ఇంటికి కడుపుతో రాను" అంది. మొండితనంలో అచ్చం తండ్రి కూతురే. ఆయన రమ్మనడు, అది రాదు. అందుకని ఏడో నెల నిండాక రాజమండ్రి ప్రయాణం పెట్టుకున్నారు. అక్కడ చినబాబు అక్క స్టెల్లా నర్సు. వాళ్ళమ్మ రత్నం కూడా అక్కడే ఉంటుంది. మంచివాళ్ళే. నా కూతుర్ని కళ్ళలో పెట్టుకుని చూస్తారు. అయినా సరే, నేను ఉండగా నా బిడ్డ కాన్పు వేరేవాళ్ళు చేయడమేమిటని నాకు రాత్రీ పగలూ కడుపు మండిపోయేది.

రైల్లో పోవచ్చుగా అంటే, దోర్నపాల్ మీదుగా వెళితే నిన్ను చూసి పోవచ్చు అంది నవీన. సంత రోజు, బస్టాండు దగ్గర కారు ఆపుతారు. నేను వెళ్ళి కలిసి, పచ్చళ్ళ సంచి ఇచ్చి రావాలి. అంతే ఏర్పాటు. కన్నకూతుర్ని బస్టాండులో చూసుకోవాలట. ఈ సంగతి కూడా స్పీకరులోనే మాట్లాడుకున్నాం. ఆయన పప్పు కలుపుకుంటూ ఉన్నాడు.

మా షెడ్డు హైవే పక్కనే, ఇల్లు దాని వెనకే. ఒకే రేకుల కప్పు కింద ఒక పక్క ఆయన బండ్ల పని, ఇంకో పక్క నా టీ, బజ్జీల పొయ్యి. సంత రోజున నా పొయ్యి దగ్గర నిలబడడానికి చోటుండదు. చింతలనార్ వైపు నుంచి వచ్చేవాళ్ళు కూడా నా మిరపకాయ బజ్జీ తినకుండా పోరు. ఆ రోజు త్వరగా ఒక వాయి వేసి బస్టాండుకు వెళ్దామని హడావిడి పడుతున్నాను. ఇంతలో సుక్రాం ట్రాక్టరు షెడ్డు ముందుకు వచ్చి ఆగింది. దాని వెనక తాడు, తాడుకు ఒక తెల్ల కారు. కారులో నా కూతురు.

సుక్రాం మా ఆయన దగ్గరే ట్రాక్టరు బాగు చేయించుకునే దోర్లా తెగ మనిషి. చెవి మీద ఎప్పుడూ ఒక బీడీ ఉంటుంది.

"దీదీ, బస్టాండు కాడ ఆగిపోయింది. ఇంకేడికి తేవాలె? ఈ బజార్ల షెడ్డంటె మీదొక్కటే గదా" అన్నాడు, ఏమీ తెలియనట్టు. ఊరంతటికీ తెలిసిన సంగతి వాడికి తెలియదా. వాడి గడుసుతనానికి ఆ పూట బజ్జీలు ఊరికే పెట్టాను.

మా ఆయన ఒక జీపు కింద నుంచి పాకుతూ బయటికి వచ్చాడు. చేతులు తుడుచుకుంటూ నిలబడి చూశాడు. నవీన కారు దిగింది, ఒక చెయ్యి నడుము మీద పెట్టుకుని. అది లావైంది, ముఖం నిండింది. ఆయన చూపు దాని పొట్ట మీద ఒక్క క్షణం ఆగి, కారు బానెట్ మీదికి పోయింది.

"దుర్గా, బండి ఎట్ల ఆగిందో అడుగు" అన్నాడు.

"ఎవర్ని?"

"ఆ బండోళ్ళను."

బండోళ్ళు ఆయనకు బారెడు దూరంలో ఉన్నారు. నాకు ఒళ్ళు మండింది. కానీ పొమ్మనలేదు కదా, అడగమన్నాడు కదా అని సర్దుకున్నాను. మామూలుగా పెట్రోలు కారు ఏదైనా వస్తే ఆయన దాన్ని ముట్టకుండా సుక్మాకు పంపేస్తాడు. ఆయన చెయ్యి తిరిగింది డీజిలు బండ్ల మీద. ఆ రోజు పంపలేదు. పంపించు అని నేను అనలేదు, పంపిస్తా అని ఆయనా అనలేదు.

"బండి ఎట్ల ఆగింది, చినబాబూ?" అన్నాను.

చినబాబు సన్నగా, పొడుగ్గా ఉంటాడు. గొంతు మెత్తన. "సుక్మా దాటిన కాడ్నుంచి గుంజుకుంటా వచ్చిందండి అత్తయ్యా. దారిలో ఒక కొట్టు దగ్గర సీసా పెట్రోలు పోయించాను. అందులో మట్టి ఉన్నాది. ఫిల్టరు పూడిపోయి ఉంటాది. కొత్తది డిక్కీలో ఉందండి."

"సీసా పెట్రోలు మట్టంట. ఫిల్టరు పూడిందంట. కొత్తది ఉన్నదంట" అని ఆయనకు చెప్పాను.

ఆయనకు వినపడలేదా? నేను చెప్పకముందే వెళ్ళి పానాల పెట్టె తెచ్చుకున్నాడు.

చినబాబు తానే బాగు చేసుకోవచ్చు కదా అని మీకు అనిపిస్తుంది. చేసుకోకూడదు. ఒక ఉస్తాద్ షెడ్డులో ఇంకొక మెకానిక్కు పానా ముట్టకూడదు. ఉస్తాద్ పిలిచి చేతికిస్తే తప్ప. పనిలో ఉన్నవాళ్ళందరూ పాటించే మర్యాద అది. చినబాబు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఆ నిలబడడం చూసి నా అల్లుడి మీద నాకు ముచ్చట వేసింది.

ముందు చినబాబు నవీనను రోడ్డవతల ఇప్పచెట్టు కింద మంచం మీద కూర్చోబెట్టి వచ్చాడు. పెట్రోలు వాసన దానికి మంచిది కాదట. వచ్చాక నాతో అన్నాడు:

"అత్తయ్యా, మావయ్యగారికి చెప్పండి. డీజిలు బండిలా దీని పైపు నట్టు తిప్పకూడదండి. ఇంజను ఆపేసినా పైపులో పెట్రోలు ప్రెషర్ మీదే ఉంటాది. తిప్పితే చిమ్ముతాది. పంపుకు ఒక ఫ్యూజు ఉంటాదండి. ముందు అది పీకేసి, అప్పుడు స్టార్టు చెయ్యాలి. పైపులో మిగిలింది తాగేసి ఇంజను దానంతట అదే ఆగిపోతాది. ఆ మీదట బ్యాటరీ వైరు తీసి, బండి చల్లారాక పానా పెట్టాలి."

అంతా ఒక్క గుక్కలో చెప్పాడు. కళాయిలో బజ్జీలు మాడుతున్నాయి. నేను చిల్లుల గరిటె పట్టుకునే అటు తిరిగాను.

"ఇదిగో, వింటున్నవా? నట్టు ఇప్పుడే తిప్పొద్దంట. స్టార్టు చెయ్యాలంట, గానీ ముందుగాల..."

"చేస్త" అన్నాడు ఆయన. అన్నాడు, వెళ్ళి తాళం తిప్పాడు.

ఆయనకు ఈ జబ్బు మొదటి నుంచీ ఉంది. నోరు విప్పడు, ఎదుటివాళ్ళ మాట చివరిదాకా వినడు. ఫ్యూజు మాట నేను ఎత్తేలోపే ఇంజను రొద మొదలైంది. దగ్గుతూ, గింజుకుంటూ కాసేపు తిరిగి ఆగిపోయింది. అంటే ఏమైందో తర్వాత నాకు అర్థమైంది. పంపు ఇంకా పనిచేస్తూనే ఉంది. పూడిపోయిన ఫిల్టరు దాకా పెట్రోలును బలంగా తోసి నింపిపెట్టింది. పైగా ఇంజను ఇంకా వేడెక్కింది.

"అది కాదండీ, ఫ్యూజు తియ్యకుండా..." అని చినబాబు నా వైపు తిరిగాడు. "అత్తయ్యా, చెప్పండి. ఇంకో సంగతి, ఆ పొయ్యి కూడా ఆర్పాలండి."

అక్కడ నాకు నోరు లేచింది. "సంత నాడు నా పొయ్యి ఆర్పుతవా? ఇంతమంది తినేటందుకు నిలబడ్డరు. మీ మామకు ఈ మాట చెప్పు, నీకు ఆ మాట చెప్పు, నడుమ నేనేమన్నా సెల్ టవర్‌నా? బజ్జీలన్నీ బొగ్గులైనయ్."

బజ్జీల కోసం నిలబడ్డవాళ్ళు నవ్వారు. నేను కూడా సగం నవ్వుతూనే అన్నాను. అంత కోపంలోనూ, అల్లుడు నా గడపలో నిలబడి నన్ను అత్తయ్యా అంటున్నాడన్న సంతోషం లోపల ఉంది. ఆ తిట్లలో నేను చెప్పాల్సిన మాట కొట్టుకుపోయింది.

ఆయన మాత్రం నవ్వలేదు. పానా తీసుకుని బానెట్ కిందికి వంగాడు. డీజిలు బండిలో ఇంజనుకు డీజిలు అందకపోతే ఆయన చేసే పని ఎప్పుడూ ఒకటే. పైపు నట్టు కొంచెం వదులు చేస్తాడు, చేత్తో పంపు కొడతాడు, గాలి బుడగలు పోయాక బిగిస్తాడు. బండి వేడిగా ఉన్నా, పక్కన ఎవరు బీడీ కాలుస్తున్నా ఎప్పుడూ ఏమీ కాలేదు. ఆ అలవాటుతోనే ఆయన చెయ్యి ఫిల్టరు దగ్గరి నట్టు మీదికి పోయింది.

సర్రుమని చప్పుడైంది. పెట్రోలు సన్నటి ధారలా లేచి ఆయన మోచేతి మీద పడింది. ఆయన ఉలిక్కిపడి పానా వదిలేయబోయాడు.

"మావయ్యా, చెయ్యి తియ్యకండి. బిగించండి" అన్నాడు చినబాబు.

అరవలేదు. నా వైపు తిరగలేదు. నేరుగా ఆయనతో అన్నాడు. ఆయన చెయ్యి ఆగింది. పానా వెనక్కి తిరిగింది. చప్పుడు ఆగిపోయింది.

షెడ్డంతా పెట్రోలు వాసన. నా పొయ్యి ఎర్రగా మండుతోంది, గాలి అటు నుంచి ఇటే వీస్తోంది. భయం వేసింది, నిజంగా వేసింది. పక్కనే ఉన్న కడుగునీళ్ళ బకెట్ ఎత్తబోయాను.

"నీళ్ళొద్దు దీదీ, నూనె ఉంది" అన్నాడు సుక్రాం. వాడు గుడ్డ పట్టుకుని కళాయి దించి దూరంగా తీసుకుపోయాడు. ఆయిల్ ఒలికితే చల్లడానికి షెడ్డులో ఎప్పుడూ ఒక డబ్బా ఇసుక ఉంటుంది. నేను అది తెచ్చి కుమ్మరించాను. నా పొయ్యిని నా చేత్తో నేనే పూడ్చాను, సంత రోజున. సుక్రాం చెవి మీది బీడీ తీసి రోడ్డవతలికి విసిరేశాడు. తినడానికి నిలబడ్డవాళ్ళు ఎవరూ చెప్పకుండానే వెనక్కి జరిగారు.

చినబాబు మా ఆయనను చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చాడు. తడిసిన చొక్కా విప్పించాడు. సబ్బు పెట్టి మోచెయ్యి కడిగాడు, నీళ్ళు పోస్తూ, మళ్ళీ మళ్ళీ. ఆయన కాదనలేదు. బనీనుతో కుర్చీలో కూర్చుని ఆ నీళ్ళ వైపే చూస్తూ ఉన్నాడు. నవీన చెట్టు కింద లేచి నిలబడి ఉంది. రావద్దని నేను చెయ్యి ఊపాను.

ఇక నా నోరు ఆగలేదు.

"ఏందయ్యా నీ పంతం? ఆ పిల్లగాడు నోరు తెరిసి చెప్తనే ఉన్నడు. నీ చెవులకేం పుట్టింది? నిప్పంటుకుంటే ఏమైతుండె? ఏడు నెలల కడుపుతోని ఉన్న బిడ్డ ముంగట నువ్వు కాలిపోతే చూస్కుంట కూసోవాల్నా నేను?" అన్నాను. అంటుంటే ఏడుపు వచ్చేసింది. "ఇగ నేను నడుమ ఉండ. మీ మాటలు మీరు మాట్లాడుకుంటే మాట్లాడుకోండ్రి. లేకుంటే బండి ఇక్కడనే తుప్పు పట్టనియ్యి."

కొంగుతో ముఖం తుడుచుకుని, చల్లారిన పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. ఆ పీట మీద నేను ఊరికే కూర్చోవడం అదే మొదటిసారి.

ఇంజను చల్లారేదాకా ఎవరూ ఏమీ చేయలేదు. సంత రొద దూరం నుంచి వినపడుతోంది. ఎవరో కోడిని బేరమాడుతున్నారు. చినబాబు బానెట్ పక్కన నిలబడి, అప్పుడప్పుడూ ఇంజను మీద చెయ్యి దగ్గరగా పెట్టి వేడి చూస్తున్నాడు. మా ఆయన కుర్చీలోనే ఉన్నాడు. చాలాసేపటికి లేచి, ఇంకో చొక్కా వేసుకుని కారు దగ్గరికి వెళ్ళాడు. పానా చేతిలోకి తీసుకున్నాడు. నట్టు మీద పెట్టలేదు.

"చెప్పు" అన్నాడు.

బానెట్‌తో అన్నాడో అల్లుడితో అన్నాడో ఆయనకే తెలియాలి. చినబాబు మాత్రం తనతోనే అన్నట్టు తీసుకున్నాడు.

"ముందు ట్యాంకు మూత తియ్యాలండి, మావయ్యగారూ."

ఆయన వెళ్ళి మూత తిప్పాడు. లోపలి ఆవిరి ఉస్సుమంది. వచ్చి నిలబడ్డాడు.

"ఇదండి ఫ్యూజుల డబ్బా. ఆ చివరిది."

ఆయన మెల్లగా పీకి అరచేతిలో పెట్టుకున్నాడు. నీలం రంగు ముక్క, గోరంత ఉంది. దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"ఇంతేనా?" అన్నాడు. ఆ మాట మాత్రం అల్లుడి ముఖం చూసే అన్నాడు. నేను చూశాను.

"అంతేనండి. అది లేకపోతే పంపుకు కరెంటు అందదు. పైపులో ఉన్న కాస్తా అయిపోయేదాకా నడుస్తాది. తర్వాత ఎంత తిప్పినా బండి కదలదండి."

"కదలదా?"

"కదలదండి."

ఆయన తల ఊపాడు. తాళం తిప్పాడు. ఇంజను తిరిగింది, గొంతు తగ్గించుకుంటూ తగ్గించుకుంటూ దానంతట అదే ఆగిపోయింది. ఇంకోసారి తిప్పమన్నాడు చినబాబు. ఊరికే మూలిగింది తప్ప అంటుకోలేదు. బ్యాటరీ వైరు తీశారు. కింద రేకు డబ్బా పెట్టారు. నట్టు చుట్టూ గుడ్డ చుట్టి, ముఖం పక్కకు పెట్టి, ఆయన మెల్లగా, చాలా మెల్లగా తిప్పాడు. చప్పుడేమీ లేదు. పెట్రోలు గుడ్డను తడిపి డబ్బాలోకి చుక్కలు చుక్కలుగా కారింది.

ఆయన కాసేపు ఆ చుక్కల వైపు చూశాడు. పాత ఫిల్టరు ఊడదీసి వంపితే ఎర్రమట్టి నీళ్ళు వచ్చాయి. కొత్తది బిగించింది ఆయనే. పైపు రెండో కొస పట్టుకోమని చినబాబు చేతికి ఇంకో పానా ఇచ్చాడు. ఏమీ అనకుండానే ఇచ్చాడు. చినబాబు దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. సుక్రాం నా వైపు చూసి కనుబొమ్మలు ఎగరేశాడు. నేను పీట మీద నుంచి కదలలేదు. కదిలితే ఏదో పాడైపోతుందని భయం.

వైరు పెట్టి, ఫ్యూజు పెట్టి స్టార్టు చేస్తే ఇంజను మెత్తగా తిరిగింది. ఎక్కడా తడి లేదు, కారడం లేదు. ఇద్దరూ బానెట్ మీదికి వంగి ఒకే చోట వేలు పెట్టి చూశారు. తర్వాత ఇంజను ఆపేశారు.

బండి బాగుపడింది. బాగుపడిందంటే ఇక వెళ్ళిపోతారు. ఆ సంగతి నాకు అప్పుడు తట్టింది. బండి బాగు కావాలని మొక్కుకున్నదాన్ని నేనే. ఇప్పుడు అది బాగైనందుకు దాన్ని తిట్టుకున్నాను.

"పొద్దుండగానే ఘాట్ దాటాలండి అత్తయ్యా. మారేడుమిల్లి దగ్గర మలుపులెక్కువ" అన్నాడు చినబాబు.

నేను లోపలికి వెళ్ళి పచ్చళ్ళ సంచి తెచ్చాను. ఏ సీసాలో ఏముందో, ఏది ముందు తినాలో, ఏది వేడి చేస్తుందో, నవీనకు చెప్పిందే చెబుతూ నిలబడ్డాను. అది వింటున్నట్టే తల ఊపుతోంది కానీ దాని కళ్ళు తండ్రి మీద ఉన్నాయి. బానెట్ ఆయనే మూశాడు. మూసి, డ్రమ్ము దగ్గరికి వెళ్ళి, మా వైపు వీపు పెట్టి చేతులు కడుక్కుంటున్నాడు. కడిగిన చేతులనే మళ్ళీ కడుగుతున్నాడు.

"నాన్నా, పోయొస్త" అంది నవీన.

నీళ్ళ చప్పుడు ఆగలేదు.

అది ఇంకో క్షణం నిలబడింది. తర్వాత వెళ్ళి కారులో కూర్చుని తలుపు వేసుకుంది. ఆ మనిషిని జుట్టు పట్టుకుని తిప్పి దాని ముందు నిలబెట్టాలనిపించింది నాకు. ఒక్క మాట. అది అడిగింది ఒక్క మాట. అల్లుడితో అంతసేపు పని చేశాడే, చెప్పు అన్నాడే, ఇంతేనా అని అడిగాడే. కూతురికి ఇవ్వడానికి ఒక్క మాట లేకపోయిందా? మా ఇంట్లో దాని కోసం ఉతికి పెట్టిన పాత చీరలు ఉన్నాయి, పక్కబట్టలకని. ఎవరికీ చెప్పకుండా ఉతికి పెట్టాను.

చినబాబు మా ఆయనకు దండం పెట్టాడు, వీపుకే. కారెక్కి తాళం తిప్పాడు. ఇంజను అంటుకుంది. బండి షెడ్డు ముందు నుంచి కదిలి రోడ్డు అంచు దాకా వెళ్ళింది. అక్కడ గొంతు తగ్గించుకుంటూ తగ్గించుకుంటూ దానంతట అదే ఆగిపోయింది.

చినబాబు మళ్ళీ తిప్పాడు. ఊరికే మూలిగింది.

ఆ ఆగడం ఎలాంటిదో ఆ పాటికి నాకు కూడా తెలిసిపోయింది, ఇక మెకానిక్కుకు తెలియదా? చినబాబు దిగాడు. బానెట్ ఎత్తి, ఫ్యూజుల డబ్బా మూత తీసి చూశాడు. అట్లాగే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత మెల్లగా షెడ్డు వైపు తిరిగాడు.

మా ఆయన చేతులు తుడుచుకోవడం కూడా అయిపోయింది. కుడిచెయ్యి చొక్కా జేబు మీద ఉంది.

"దుర్గా" అన్నాడు. "ఫ్యూజు నా కాడున్నదని ఆ బండోళ్ళకు చెప్పు."

వెంటనే అరిచి ఊరంతా చెప్పాలనిపించింది. నా నోరు ఎట్లాంటిదో మీకు తెలుసు కదా. అయినా పళ్ళు బిగబట్టాను.

"నేను చెప్ప" అన్నాను. "నాకు నోరు లేదు. నువ్వే చెప్పుకో."

ఆయన నా వైపు చూశాడు. సుక్రాం వైపు చూశాడు. వాడు ఆకాశం వైపు చూస్తున్నాడు. ఇక దారి లేక నడిచాడు. షెడ్డు నుంచి రోడ్డు అంచు దాకా ఎంత దూరమని, ఆ నాలుగు అడుగులు వేయడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. కారు తలుపు తీశాడు. నవీన తల ఎత్తింది.

"దిగు బిడ్డా" అన్నాడు. "ఇంట్లకు పోదాం రా."

నవీన కదలలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. ఆయనకు ఏం చేయాలో తోచలేదు. జేబులోంచి ఆ నీలం ముక్క తీసి దానికి చూపించాడు, చిన్నపిల్లకు చూపించినట్టు. మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

"కాన్పైనంక ఇస్త" అన్నాడు. ఆ మాట అల్లుడితో అన్నాడు.

"అలాగేనండి, మావయ్యగారూ" అన్నాడు చినబాబు.

నవీన తండ్రి భుజం పట్టుకుని దిగింది. ఆయన, చినబాబు, సుక్రాం ముగ్గురూ కలిసి కారును షెడ్డులోకి నెట్టారు. స్టెల్లాకు ఫోను చేసి చెప్పడం నా వంతైంది. ఆ అమ్మాయి నవ్వి, సరే అత్తా, నెప్పులు మొదలవుతాయనగా నేనూ అమ్మా వస్తాం అంది. మంచివాళ్ళని చెప్పాను కదా. కారును దూరంగా పెట్టారా లేదా అని ఒకటికి రెండుసార్లు చూసుకుని, ఇసుక ఎత్తిపోసి, పొయ్యి మళ్ళీ వెలిగించి అన్నానికి ఎసరు పెట్టాను.

అలాంటి ఫ్యూజు ఆ డబ్బాలోనే ఇంకొకటి ఉంటుందట, అవసరానికని కంపెనీవాళ్ళే పెట్టి ఇస్తారట. అది తీసి పెడితే బండి అప్పటికప్పుడే కదిలేదట. మనవరాలు పుట్టాక ఒకరోజు చినబాబు నాకు చెప్పాడు. మా ఆయనకు మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.